క్రోన్స్ ఆపరేషన్ తరువాత మందు వెంటనే మొదలుపెట్టాలా, ఆరు నెలలు ఆగి చూడాలా?

తమ్ముడికి అక్క:
మా తమ్ముడికి 31 ఏళ్లు. క్రోన్స్ వ్యాధితో (పేగులో వాపు, పుండ్లు పదేపదే వచ్చే దీర్ఘకాలిక జబ్బు) చిన్నపేగు చివర రంధ్రం పడి చీము చేరడంతో, ఆ భాగాన్నీ దానిని ఆనుకున్న పెద్దపేగు మొదటి భాగాన్నీ తీసివేసి, మిగిలిన కొసలను కలిపి కుట్టారు. ఆపరేషనై ఐదు వారాలైంది. అన్నం సయిస్తోంది, మూడు కిలోలు బరువు పెరిగాడు. సిగరెట్లు మాత్రం మానలేదు. ఒక డాక్టరు గారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ వెంటనే మొదలుపెట్టాలంటున్నారు, మరొకరు ఆరో నెల కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చూశాక నిర్ణయిద్దామంటున్నారు. చెడిన పేగును తీసేశాక ఇంకా మందెందుకని అమ్మ అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

కృష్ణాతీరం:
ఆగి చూడాలన్నదే నా అభిప్రాయం. కోలుకుంటున్న మనిషికి రోగనిరోధక శక్తిని అణచే మందు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఒంట్లో అణగి ఉన్న టీబీ ఈ మందుతో బయటపడే ప్రమాదం మన దేశంలో మరీ ఎక్కువ. ఆపరేషనైన 297 మందితో జరిపి 2016లో ప్రచురించిన ప్రివెంట్ అధ్యయనంలో, 76 వారాలలోపు లక్షణాలతో సహా జబ్బు తిరగబెట్టినవారు ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో 12.9 శాతం, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) తీసుకున్నవారిలో 20 శాతం. ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. అతను ముందు సిగరెట్ మానాలి.

మెల్‌బోర్న్ నుంచి:
కృష్ణాతీరం గారూ, అదే అధ్యయనంలో కొలనోస్కోపీ ఫలితాలు కూడా చూడండి. పేగులో పుండ్లు మళ్లీ కనబడినవారు మందు తీసుకున్నవారిలో 30.6 శాతం, ప్లాసిబో తీసుకున్నవారిలో 60 శాతం. బాధ లేకపోవడం వేరు, పేగు బాగుండడం వేరు. బెల్జియంలోని లూవెన్‌లో రట్‌గీర్ట్స్ బృందం 1990లో చూపింది ఇదే: ఏడాదిలోపు 73 శాతం మంది పేగులో పుండ్లు మొదలైతే, బాధ తెలిసినవారు 20 శాతమే. నాకూ ఈ ఆపరేషన్ అయింది, ఆరో నెల కొలనోస్కోపీలో పుండ్లను తెర మీద నేనే చూశాను. అప్పటికి నాకు ఏ నొప్పీ లేదు. కుట్టుకు కాస్త ఎగువన, చిన్నపేగు గోడ మీద, ఎర్రటి అంచుతో నోటిపూతలాంటి తెల్లటి పుండ్లు ఉన్నాయి. డాక్టరు ఏడు లెక్కపెట్టి, ఐదు దాటాయి కాబట్టి రట్‌గీర్ట్స్ కొలమానంలో ఐ2, అంటే పేగులో జబ్బు తిరగబెట్టినట్టే, అని రాశారు.

అమ్మగారి ప్రశ్నకు కూడా లూవెన్ దగ్గరే జవాబుంది. కలిపిన చోటికి మలం చేరకుండా పైనుంచే పొట్ట మీది సంచిలోకి దారి మళ్లించిన రోగులను ఆరు నెలల తరువాత చూస్తే అక్కడ కొత్త జబ్బు లేదు. దారి తిరిగి కలిపాక వచ్చింది. తీసేసిన ముక్కతో జబ్బు పోదు, పేగులో ప్రవహించేదానికి స్పందించే గుణం మిగిలిన పేగులోనూ ఉంటుంది. అందుకే జబ్బు అంచు నుంచి 2 సెంటీమీటర్లు వదిలి కోసినా, 12 వదిలి కోసినా తిరగబెట్టడంలో తేడా రాలేదని 1996లో క్లీవ్‌లాండ్ వైద్యులు తేల్చారు.

ఇక మీ తమ్ముడి సంగతి. సిగరెట్, పేగుకు రంధ్రం పడే రకం జబ్బు, ఇంతకుముందు జరిగిన పేగు ఆపరేషన్: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్రమాదం ఎక్కువేనని 2015లో వెలువడిన పోసర్ అధ్యయనం లెక్కవేసింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలోని 174 మందితో జరిగిన ఆ అధ్యయనంలో, ప్రమాదం ఎక్కువున్నవారికి మందు మొదటి నుంచే ఇచ్చారు. ఒక వర్గానికి ఆరో నెల కొలనోస్కోపీ చేసి, పుండ్లుంటే మందు పెంచారు. 18 నెలలకు పుండ్లు తిరగబెట్టినది ఆ వర్గంలో 49 శాతం మందికి, కొలనోస్కోపీ చేయని వర్గంలో 67 శాతం మందికి. మీ తమ్ముడికి మూడింటిలో రెండున్నాయి కాబట్టి మందూ కావాలి, కొలనోస్కోపీ కూడా కావాలి.

కృష్ణాతీరం:
రంధ్రం సంగతిని నేను తగినంత పట్టించుకోలేదు, ఈ రోగి విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అందరికీ ముందే మందు అంటే మాత్రం ఒప్పుకోను. బ్రిటన్‌లో 240 మందితో జరిగిన టాపిక్ అధ్యయనంలో మెర్కాప్టోప్యూరిన్ (రోగనిరోధక శక్తిని అణచే మాత్ర) వల్ల పొగతాగేవారిలో తిరగబెట్టడం 46 నుంచి 10 శాతానికి తగ్గింది. తాగనివారిలో 16, 13 శాతాలు, తేడా లేనట్టే. పొగ అలవాటు లేక, మొదటిసారి, సన్నబడిన చిన్న ముక్క మాత్రమే తీయించుకున్న రోగి ఆరో నెల దాకా ఆగడం నిర్లక్ష్యం కాదు. మధ్యలో మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) గ్రాముకు 100 మైక్రోగ్రాములు దాటితే అప్పుడే కొలనోస్కోపీ చేయించవచ్చు. అక్కగారూ, టీబీ పరీక్షలు కాకుండా మొదటి డోసు ఎక్కించనివ్వకండి.

తమ్ముడికి అక్క:
సంచి సంగతి అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. సోమవారం ఛాతీ ఎక్స్‌రే, టీబీ రక్తపరీక్ష ఉన్నాయి. డిశ్చార్జి సమ్మరీ తీసి చూస్తే 'దురలవాట్లు లేవు' అని ఉంది. ఆగుదామన్న డాక్టరు గారు చూసింది ఆ కాగితాన్నే. రోజుకు ఎనిమిది సిగరెట్లని ఆయనకు తానే చెబుతానన్నాడు తమ్ముడు.