డౌన్ సిండ్రోమ్ పాప, ఇంకా నడక రాలేదు – కాలికి బ్రేస్ ఎప్పుడు వేయించారు?

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పాపకి రెండేళ్లు దాటాయి, డౌన్ సిండ్రోమ్. పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా తిరిగేస్తుంది, మంచం కోడు పట్టుకుని లేస్తుంది కూడా, కానీ చెయ్యి వదిలితే కూలబడిపోతుంది. ఈ పిల్లలకి కండరాల బిగువు తక్కువ, కీళ్లు వదులు, అందుకే చాలామంది రెండేళ్లకి అటూ ఇటూగా నడుస్తారని, కొందరికి నాలుగేళ్లు కూడా పట్టొచ్చని డాక్టర్ చెప్పారు. నాకు అర్థమైంది. చుట్టాలకే అర్థం కావట్లేదు, ఏ పేరంటానికి వెళ్లినా అదే ప్రశ్న. నడక ఆలస్యానికి అదీ కారణమేమోనని థైరాయిడ్ పరీక్ష చేయించాం, బాగానే ఉంది.

నా టెన్షన్ పాదాల గురించి. నిలబడితే చదునైపోయి చీలమండలు లోపలికి ఒరిగిపోతున్నాయి. ఒక ఫిజియోథెరపిస్ట్ పాదం ఒరగకుండా పట్టి ఉంచే, చీలమండ పైదాకా వచ్చే చిన్న బ్రేస్, ఎస్ఎంఓ అంటారట, అది వేయించమన్నారు, ఇంకొకరేమో ముందు సొంతంగా నిలబడనివ్వండి, తర్వాత చూద్దాం అన్నారు. పాదం పెరిగినప్పుడల్లా మార్చాలి కాబట్టి తొందరపడి చేయించాలని లేదు, ఆలస్యం చేయాలనీ లేదు. మీ పిల్లలకి ఏ దశలో వేయించారు? విజయనగరంలోగానీ శ్రీకాకుళంలోగానీ కొలత తీసి చేసేవాళ్లున్నారా, విశాఖ వెళ్లాల్సిందేనా? డీఈఐసీ (ఇలాంటి పిల్లల కోసం జిల్లాలో ఉండే ప్రభుత్వ కేంద్రం) ద్వారా ఎవరికైనా ఉచితంగా వచ్చిందా?

ఇంకోటి. మా అత్తగారు చక్రాల వాకర్‌లో కూర్చోబెడదామంటున్నారు. నేను వద్దన్నాను, అందులో బరువంతా సీటు మీదే కదా, పైగా ప్రమాదం. పాతకాలపు మూడు చక్రాల చెక్క బండి అయితే పర్వాలేదా? అది ముందుకు జారిపోకుండా మీరేం చేశారు?