ఎల్‌డీఎల్ 158 అంట, గుడ్డు మానేశా, ఇక రొయ్యలు కూడా మానేయాలా?

అక్కయ్యపాలెం_44:
అందరికీ నమస్తే. నాకు 44. ఆఫీసులో హెల్త్ చెకప్ పెడితే సరే ఫ్రీయే కదా అని చేయించుకున్నా, రిపోర్ట్ చూసి కళ్లు తిరిగాయి. టోటల్ కొలెస్ట్రాల్ 242, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారే, అది) 158, హెచ్‌డీఎల్ (మంచిది) 36, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 240. షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్ లేదు. మా నాన్నగారికి మాత్రం 61లో స్టెంట్ వేశారు. డాక్టర్ గారు ఇప్పుడే టాబ్లెట్ వద్దులే, మూడు నెలలు తిండి మార్చి మళ్లీ టెస్ట్ చేయించుకుని రా అన్నారు, ఏం మార్చాలో అడిగేలోపే తర్వాతి టోకెన్ పిలిచేశారు.

ఆ రోజు నుంచి గుడ్డు బంద్. మిగతాదంతా మామూలే, పొద్దున ఇడ్లీయో పూరీయో, రెండు పూటలా అన్నం, ఏదో ఒక వేపుడు, సాయంత్రం ఆఫీసు బయట బజ్జీ, ఆదివారం హార్బర్ నుంచి చేపలో రొయ్యలో. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువ అంటారు కదా, అవీ మానేయాలా? మా అత్తగారేమో పరగడుపున వెల్లుల్లి మింగమంటున్నారు. ఏటి చేయమంటారు?

గాజువాక_గురుడు:
వెల్లుల్లి నేను ఆరు నెలలు మింగాను గురూ. ఆఫీసులో నా పక్క కుర్చీ ఖాళీ అయింది గానీ ఎల్‌డీఎల్ ఉన్నచోటే ఉంది. కూరలో వేసుకో, చాలు.

వంటింటి_లెక్కలు:
నేను డైట్ కౌన్సెలింగ్ చేస్తుంటాను, మీలాంటి రిపోర్టులు రోజూ చూస్తాను. ముందు ఒకటి చెప్పండి, ఆ రోజు ఏమీ తినకుండా రక్తం ఇచ్చారా, టీ తాగి ఇచ్చారా? ఎందుకంటే మీ ఎల్‌డీఎల్ నేరుగా కొలిచింది కాదనుకుంటా, 242లోంచి హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు 48 తీసేస్తే సరిగ్గా 158 వస్తోంది. తిని ఇస్తే ట్రైగ్లిజరైడ్స్ పెరిగి ఆ లెక్క అటూ ఇటూ అవుతుంది.

ఇక గుడ్డు సంగతి. మన రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం లివర్ తయారుచేసేదే. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని వెనక్కి లాక్కునే పని కూడా లివర్‌దే, సాచురేటెడ్ ఫ్యాట్, అంటే చల్లబడితే గడ్డకట్టే రకం కొవ్వు, ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది. అందుకని గుడ్డు కన్నా ముందు చూడాల్సింది నెయ్యి, పామాయిల్, కొబ్బరి, మటన్ కొవ్వు, డాల్డా వేసిన బేకరీ సరుకు. పామాయిల్లో దాదాపు సగం సాచురేటెడే, కొబ్బరిలో ఇంకా ఎక్కువ, రోజూ ఇడ్లీలోకి గిన్నెడు కొబ్బరి చట్నీ వేసుకుంటే అదీ లెక్కలోకి వస్తుంది. పల్లీ చట్నీ చేసుకోండి, లేకపోతే అల్లం పచ్చడి. వారానికి మూడు నాలుగు గుడ్లు తింటే మీకొచ్చే నష్టం పెద్దగా ఉండదు.

మీ ట్రైగ్లిజరైడ్స్ కథ వేరు, అది రెండు పూటలా తెల్లన్నం, టీల్లో పంచదార, మద్యం, పొట్ట, వీటి పని. రాత్రి అన్నం సగం చేసి ఉలవలో పెసలో బొబ్బర్లో ఉడకబెట్టి పెట్టుకోండి. బెండకాయ, వంకాయ, బార్లీ, ఓట్స్ వీటిల్లో ఉండే జిగురు లాంటి పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటకి లాక్కుపోతుంది, మళ్లీ పైత్యరసం చేసుకోవడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకుంటుంది, ఓట్స్ గొడవంతా అందుకే. అలాగని ఓట్స్‌లో మూడు చెంచాల తేనె కలిపి తినేవాళ్లున్నారు, వాళ్లకేం చెప్పాలో నాకు తెలీదు.

నాన్నగారి స్టెంట్ గురించి డాక్టర్‌కి చెప్పారా? తండ్రికి గుండె జబ్బు 55 లోపు వస్తే దాన్ని మరీ సీరియస్‌గా తీసుకుంటారు, 61 అయినా చెప్పాల్సిందే. థైరాయిడ్ కూడా ఓసారి చూపించుకోండి, అది తక్కువైనా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

సీతమ్మధార_శ్రీను:
మేడమ్ చెప్పింది కరెక్ట్ గానీ అన్నా, నాకు కళ్లు తెరిపించింది నూనె డబ్బా. మా ఇంట్లో వేరుశనగ నూనే కదా, ప్యాకెట్ మీద జీరో కొలెస్ట్రాల్ అని రాసుంది కదా అని నేను ధైర్యంగా ఉన్నా (ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, అది తర్వాత తెలిసింది). ఓసారి కొత్త డబ్బా ఓపెన్ చేసిన రోజు మూత మీద స్కెచ్ పెన్‌తో తారీఖు రాశా. అయిదు లీటర్లు, ముగ్గురం మనుషులం, 27 రోజులకి ఖాళీ. మనిషికి నెలకి అర లీటరు చాలంటారు, అంటే మాకు లీటరున్నర. మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు, చుట్టాలొచ్చారు కదా అంది, తర్వాతి నెలా అంతే. ఇప్పుడు పోపు డబ్బాలో చిన్న చెంచా పడేశాం, వంచడం లేదు, చెంచాతోనే. దుంపల వేపుడు పోయి పులుసు వచ్చింది. నాలుగు నెలలకి ఎల్‌డీఎల్ 161 నుంచి 139కి దిగింది, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక కూడా ఉందనుకో.

అక్కయ్యపాలెం_44:
థాంక్స్ అందరికీ. మేడమ్, రక్తం ఇచ్చే ముందు టీ తాగాను, రెండు బిస్కట్లు కూడా, ఎవరూ వద్దనలేదు. శ్రీను గారూ మీ పోస్ట్ చదివి ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి చూశా. మాది పామాయిల్ ప్యాకెట్, ఇన్నాళ్లూ చూడలేదు. పొయ్యి పక్కన మూత పెట్టిన గిన్నెలో మొన్నటి అప్పడాలు వేపిన నూనె ఉంది, దాన్నే పోపుకి వాడుతున్నారంట. గుడ్డుని అనవసరంగా తిట్టాను. మరి రొయ్యలు?

వంటింటి_లెక్కలు:
100 గ్రాముల రొయ్యల్లో దాదాపు ఒక గుడ్డు సొనలో ఉన్నంత కొలెస్ట్రాల్ ఉంటుంది, కానీ సాచురేటెడ్ ఫ్యాట్ చాలా తక్కువ. వారానికోసారి కూరగా తింటే ఇబ్బంది లేదు, నూనెలో ముంచి వేపితేనే తంటా. మీకైతే అసలు పనికొచ్చేవి కవ్వళ్లు, కానాగంతలు లాంటి చేపలు. ఒమేగా 3 అనే మంచి కొవ్వు బాగా ఉంటుంది, వంజరం కన్నా ఎంతో చవక. వాసన వస్తుందని ఇంట్లో వద్దంటారేమో, చింతపండు పులుసు పెట్టండి. మళ్లీ టెస్ట్‌కి మాత్రం రాత్రి తిన్నాక 10, 12 గంటలు ఆగి వెళ్లండి, మంచినీళ్లు తాగొచ్చు. మూడు నెలల తర్వాత కూడా దిగకపోతే టాబ్లెట్ వేసుకోమంటారు, అప్పుడు మాత్రం వాట్సాప్‌లో చూసి మానేయొద్దు.

గాజువాక_గురుడు:
కవ్వళ్ల పులుసు మర్నాడు ఇంకా బాగుంటుంది గురూ. ఆదివారం ఆరింటికల్లా హార్బర్‌కి వచ్చేయ్, ఎనిమిది దాటితే ఐసు సరుకే మిగులుద్ది.