డే కేర్ ఆపరేషన్ తర్వాత వాంతులు: తప్పు మత్తు గ్యాస్‌దా, ఇంటికి రాసిచ్చే మాత్రలదా?

రాజమండ్రి_అక్క

మా చెల్లికి పోయిన నెల రొమ్ములో చిన్న గడ్డ తీశారు. డే కేర్ అన్నారు, పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చేయడమే. గడ్డ మామూలుదే అని రిపోర్ట్ వచ్చింది, ఆ దిగులు లేదు. కానీ ఆ రాత్రి వాంతులు మాత్రం చూడలేకపోయాం. హాస్పిటల్లో ఉన్నంతసేపు బానే ఉంది, మజ్జిగ కూడా తాగింది, ఇంటికొచ్చి రెండు ముద్దలు పెరుగన్నం తిని వాళ్ళు రాసిచ్చిన నొప్పి మాత్ర వేసుకున్నాక మొదలైంది, ఇక తెల్లారేదాకా ఆగలేదు, కుట్లు ఎక్కడ లాగేస్తాయో అని ఆ వైపు అరచేత్తో అదిమి పట్టుకుని బేసిన్ ముందేసుకుని కూర్చుంది. ఫోన్ చేస్తే "మత్తు దిగేటప్పుడు అలాగే ఉంటుందమ్మా, తగ్గిపోద్ది" అన్నారు. మాకు తెలిసిన మత్తు డాక్టర్ గారు ఒకాయనేమో పీల్చే మత్తు గ్యాస్ లేకుండా మొత్తం ప్రొపోఫాల్ (నరంలోకి ఎక్కించే మత్తు మందు) మీదే నడిపితే ఈ బాధ ఉండదు అంటున్నారు. అలాంటప్పుడు సాయంత్రానికి ఇంటికి పంపేసే ఆపరేషన్లన్నిటికీ అదే ఇవ్వాలని రూల్ పెట్టొచ్చు కదా? ఎందుకు పెట్టరు?

పంప్_మీదే_నమ్మకం

పెట్టాలనే నేనూ అంటాను అక్కా. నేను మత్తు డాక్టర్ని, డే కేర్ కేసులన్నీ మందు కొలిచి ఎక్కించే పంప్ పెట్టి ప్రొపోఫాల్ మీదే చేస్తాను. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్, ఏ గ్యాస్ అయినా వాంతి తెప్పించే గుణం ఉంది, ఎంత ఎక్కువసేపు పీలిస్తే అంత ఎక్కువ. ఆపరేషన్ అయిన మొదటి రెండు గంటల్లో వచ్చే వాంతులకి పెద్ద కారణం గ్యాసే అని 2002లోనే తేల్చారు. ప్రొపోఫాల్‌తో లేచినవాళ్ళు తేటగా లేస్తారు, పేరు పిలిస్తే కళ్ళు తెరిచి టైమ్ ఎంతైంది అని అడుగుతారు. ఇంత తేడా కళ్ళముందు కనిపిస్తుంటే ఇంకా గ్యాసే ఎందుకు ఇస్తున్నామో నాకైతే అర్థం కాదు.

సర్జన్_కరీంనగర్

డాక్టర్ గారూ, మీ దగ్గర పంప్ ఉంది, మెదడు ఎంత మత్తులో ఉందో చూపించే బిస్ మానిటర్ ఉంది. మా జిల్లాలో చిన్న నర్సింగ్ హోముల్లో ఎన్నిట్లో ఉన్నాయి చెప్పండి? గ్యాస్ అయితే పేషెంట్ వదిలే గాలిలో ఎంత శాతం ఉందో మిషన్ మీద కనిపిస్తుంది. ప్రొపోఫాల్‌కి ఆ సౌకర్యం లేదు, దుప్పటి కింద క్యాన్యులా (నరంలో పెట్టే గొట్టం) ఊడిపోయి మందంతా పరుపులోకి పోతున్నా వెంటనే తెలీదు, పైగా కండరాలు సడలించే మందు ఇచ్చి ఉంటే మనిషికి మెలకువ వచ్చినా వేలు కూడా కదపలేడు. బ్రిటన్‌లో 2014లో మత్తు మధ్యలో మెలకువ మీద వచ్చిన ఎన్‌ఏపీ5 ఆడిట్ చెప్పిందీ ఇదే, పూర్తిగా నరం మత్తు మీద, అందులోనూ కండరాల మందు వాడినప్పుడు మెలకువ ముప్పు ఎక్కువ అని. వాంతి బాధే, కాదనను. కానీ ఆపరేషన్ మధ్యలో మెలకువ రావడం అనేది మనిషిని ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

పంప్_మీదే_నమ్మకం

సార్, అందులో చాలా కేసులు సరిగ్గా నేర్చుకోకుండా, పంప్ సెట్టింగులు తప్పు పెట్టి, మానిటర్ లేకుండా చేసినవి. నేర్పిద్దాం అనాలిగానీ మానేద్దాం అంటే ఎలా?

ఘాట్_రోడ్_మత్తు_డాక్టర్

ఇద్దరూ చెప్పేది నిజమే కానీ ఇద్దరూ ఓటీ (ఆపరేషన్ థియేటర్) దాటి బయటికి రావట్లేదు. అక్క రాసింది మళ్ళీ ఒకసారి చదవండి. హాస్పిటల్లో బానే ఉంది, మజ్జిగ తాగింది, ఇంటికెళ్ళి మాత్ర వేసుకున్నాక మొదలైంది. గ్యాస్ వాంతి అయితే రికవరీ రూమ్‌లోనే రావాలి ఎక్కువ శాతం. ఈ అమ్మాయిది దాని తర్వాత కథ. దాన్ని మనం లెక్కలోకే తీసుకోం, ఎందుకంటే డిశ్చార్జ్ అయ్యాక ఏమైందో మన రిజిస్టర్లో రాసే కాలమే లేదు. అమెరికాలో 2012లో డే కేర్ పేషెంట్లు 2,170 మందిని రెండ్రోజుల పాటు ఇంటికి ఫోన్ చేసి అడిగితే 37 శాతం మందికి ఇంటి దగ్గర వికారమో వాంతో ఉందని తేలింది. ప్రొపోఫాల్ మంచి గుణం మొదటి కొన్ని గంటలదే, రాత్రి పదింటికి అది కాపలా కాయదు.

1999లో అప్ఫెల్ అనే ఆయన టీమ్ తయారుచేసిన స్కోర్ ఉంది, నాలుగే ప్రశ్నలు. ఆడమనిషేనా, సిగరెట్ అలవాటు లేదా, ఇంతకుముందు ఆపరేషన్ తర్వాత వాంతులైనా బస్సులో వాంతులైనా ఉన్నాయా, ఆపరేషన్ తర్వాత ఓపియాయిడ్ జాతి (మార్ఫిన్, ట్రమడాల్ లాంటి) నొప్పి మందు ఇస్తున్నామా. ఒక్కటీ లేకపోతే ముప్పు 10 శాతం దగ్గర, ఒకటుంటే 20, రెండుంటే 40, మూడుంటే 60, నాలుగూ ఉంటే 80. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళని తలుచుకోండి. సిగరెట్ తాగేవాళ్ళు ఎందరున్నారు? అంటే మన ఆడపేషెంట్లలో ఎక్కువమంది బల్ల మీద పడుకునేసరికే 40 శాతం దగ్గర ఉన్నారు. అరకు ఘాట్ ఎక్కుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టే మనిషైతే 60. అక్కడ మనం ట్రమడాల్ రాసి 80 చేసి ఇంటికి పంపిస్తున్నాం, ఇంకా గ్యాస్ మీదే కొట్టుకుంటున్నాం.

గ్యాస్ మానేస్తే ఎంత లాభమో కూడా లెక్క ఉంది. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్లో 5,000 మందికి పైగా పేషెంట్ల మీద పెద్ద ట్రయల్ వచ్చింది. ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, డ్రోపెరిడాల్ అనే వాంతి ఆపే మందులు ఒక్కోటీ ముప్పుని 26 శాతం మేర తగ్గించాయి. గ్యాస్ బదులు ప్రొపోఫాల్ 19 శాతం, నైట్రస్ ఆక్సైడ్ (గ్యాస్‌తో కలిపిచ్చే ఇంకో మత్తు వాయువు) మానేస్తే 12 శాతం. అంటే ప్రొపోఫాల్ ఇంచుమించు ఒక వాంతి ఇంజెక్షన్‌తో సమానం, అంతే. 80 శాతం ముప్పున్న మనిషికి ఒక మందిస్తే 60కి, రెండిస్తే 44కి, మూడిస్తే 32 దగ్గరికి వస్తుంది. 10 శాతం వాడికి ఎన్నిచ్చినా పెద్దగా తగ్గేది ఏముంటుంది. అందుకే అందరికీ ఒకే రూల్ అనే మాటే నాకు నచ్చదు, ముందు అడగండి, అడిగినదాన్ని బట్టి ఇవ్వండి.

సర్జన్_కరీంనగర్

ట్రమడాల్ మానేయమంటారు బానే ఉంది, అర్ధరాత్రి నొప్పి అని ఫోన్ వచ్చేది మాకండీ, మీకు కాదు. కడుపులో పుండున్నవాళ్ళు, కిడ్నీ సరిగా లేనివాళ్ళు, వాళ్ళకి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర రాయలేను. ఒక్క పారాసిటమాల్‌తో హెర్నియా కోత నొప్పి ఆగుతుందా?

ఘాట్_రోడ్_మత్తు_డాక్టర్

పుండు, కిడ్నీ ఉన్నవాళ్ళ సంగతి ఒప్పుకుంటాను సార్, వాళ్ళకి రాయక తప్పదు, రాస్తే పక్కనే వాంతి మాత్ర కూడా రాయండి. కానీ 30 ఏళ్ళ ఆరోగ్యమైన అమ్మాయికి, వేలెడంత కోతకి అదే అచ్చుచీటీ ఎందుకు? కుట్లు వేసేముందు కోత చుట్టూ బుపివకైన్ (తిమ్మిరి మందు) మీరే ఎక్కించొచ్చు, కొన్ని గంటలు నొప్పి తెలీదు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ నొప్పి మొదలయ్యాక కాకుండా టైమ్ ప్రకారం వేసుకోమంటే చాలామందికి సరిపోతుంది. ఇంకో చిక్కుంది, ఆన్‌డాన్‌సెట్రాన్ పనిచేసే దారి, ట్రమడాల్ నొప్పి తగ్గించే దారి ఒకచోట అడ్డం పడతాయి. రెండూ కలిపిచ్చినప్పుడు పేషెంట్లకి ట్రమడాల్ ఇంకా ఎక్కువ కావాల్సొచ్చిందని చూశారు. వాంతి తగ్గించబోతే నొప్పి, నొప్పి తగ్గించబోతే వాంతి.

ఓటీ_సిస్టర్

డాక్టర్లకి చెప్పేంతదాన్ని కాదు గానీ రోజూ చూసేది చెప్తాను. ఆన్‌డాన్‌సెట్రాన్ 4 ఎంజీ ఆపరేషన్ చివర్లో ఇస్తారు, ఇక పని అయిపోయిందనుకుంటారు. పేషెంట్ ఇల్లు చేరేసరికి దాని పవర్ తగ్గిపోతుంటుంది. డెక్సా (డెక్సామెథసోన్) అలా కాదు, మర్నాటిదాకా ఉంటుంది, కానీ అది మెల్లగా ఎక్కుతుంది కాబట్టి మొదట్లోనే ఇవ్వాలి, చివర్లో గుర్తొచ్చి ఇస్తే ఏం లాభం. అదీ మత్తు ఎక్కాకే ఇవ్వాలి, మెలకువగా ఉన్నప్పుడు నరంలోకి గబగబా తోసేస్తే కింద భరించలేనంత మంట దురద, పాపం సిగ్గుతో చెప్పుకోలేరు కూడా. ఇంకోటి, "ఏదైనా తాగితేనే పంపిస్తాం" అని బలవంతంగా తాగించొద్దు, దాహమైతే వాళ్ళే అడుగుతారు. వాంతి వచ్చేలా ఉంటే ఇంజెక్షన్ తెచ్చేలోపు స్పిరిట్ దూదిని ముక్కు దగ్గర పెట్టి నిదానంగా పీల్చమంటాను, చాలామందికి ఆ కాసేపు తేరుకుంటుంది.

బెంగళూరు_తమ్ముడు

అసలు స్పైనల్ (నడుము దగ్గర ఇచ్చే మత్తు సూది) ఇచ్చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

పంప్_మీదే_నమ్మకం

రొమ్ము గడ్డకి మామూలుగా స్పైనల్ ఇవ్వం తమ్ముడూ. హెర్నియాకి, కాలికి ఇవ్వొచ్చు, కానీ బీపీ పడితే అప్పుడూ వికారమే, పైగా కాళ్ళు స్వాధీనంలోకి రావాలి, యూరిన్ రావాలి, సాయంత్రానికి ఇంటికి అనుకున్నది రాత్రవుతుంది.

పై డాక్టర్ గారి 26, 19 లెక్కతో నాకు పేచీ లేదు. కానీ 80 శాతం వాళ్ళకి మూడిచ్చాక కూడా 32 మిగిలింది కదా, అక్కడ నా ప్రొపోఫాల్ కలిపితే 26కి వస్తుంది. కనీసం వాళ్ళకైనా గ్యాస్ వద్దు అనండి.

ఘాట్_రోడ్_మత్తు_డాక్టర్

వాళ్ళకి నేనూ ప్రొపోఫాలే ఇస్తాను, అందులో తేడా లేదు. మీరు అందరికీ అన్నారు కాబట్టే అడ్డొచ్చాను.

రాజమండ్రి_అక్క

ఇప్పుడే మందుల చీటీ తీసి చూశాను. ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకి మూడు పూటలా, యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర. వాంతికి ఏమీ లేదు. మా చెల్లి చిన్నప్పటి నుంచి బస్సెక్కితే నిమ్మకాయ చేతిలో ఉండాల్సిందే, ఆ సంగతి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. వచ్చే నెల మా అమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ ఉంది, అదీ మర్నాడే పంపేస్తారట. అమ్మకి షుగర్, మరి ఆ డెక్సా ఇవ్వొచ్చా? ఏమని అడగాలి?

ఘాట్_రోడ్_మత్తు_డాక్టర్

ఇవ్వొచ్చమ్మా, షుగర్ మరీ అదుపు తప్పి లేకపోతే. ఒక్క డోసుతో పుండు చీము పడుతుందన్న భయం ఉండేది. 2021లో షుగర్ ఉన్నవాళ్ళని కూడా కలిపి దాదాపు 8,700 మందిలో చూస్తే 8 ఎంజీతో ఇన్ఫెక్షన్ పెరగలేదు. షుగర్ మాత్రం ఒకరోజు పెరుగుతుంది, ఇంట్లో మిషన్ ఉంటే మర్నాడు పొద్దున, సాయంత్రం చూసుకోండి. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ దగ్గర చెకప్‌కి వెళ్తారు కదా, అప్పుడు వాళ్ళు అడిగేదాకా ఆగకండి, బస్సు వాంతుల సంగతి, పాత ఆపరేషన్ల సంగతి మీరే చెప్పి కాగితం మీద రాయించండి. డిశ్చార్జ్ రోజు చీటీలో ట్రమడాల్ ఉంటే ఇది లేకుండా కుదురుతుందా అని అడగండి, కుదరదంటే నోట్లో కరిగే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర రాయించుకోండి. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి పెరుగుతున్నా "మత్తు దిగుతోంది" అంటే వినొద్దు, ఫోన్ పెట్టేసి వెంటనే తీసుకెళ్ళండి.