ఎంఎస్‌లో సి ప్లస్ వచ్చింది, ఇప్పుడు ఏం చేయాలి?

అన్నలూ అక్కలూ కాస్త హెల్ప్ చేయండి. అమెరికాలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్, ఫస్ట్ సెమ్ అయిపోయింది. మూడు సబ్జెక్టులు, ఒక్కోటి 3 క్రెడిట్లు. బి ప్లస్, బి, అల్గారిథమ్స్‌లో మాత్రం సి ప్లస్. అంటే 3.3, 3.0, 2.3 యావరేజ్ చేస్తే జీపీఏ 2.87, మా దగ్గర 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్ (మార్కులు పెంచుకోమని యూనివర్సిటీ ఇచ్చే వార్నింగ్) అంట.

బీటెక్‌లో 65 పర్సెంట్ వస్తే ఇంట్లో స్వీట్లు పంచారు, ఇక్కడేమో సి అంటే ఫెయిల్ అయినట్టే చూస్తున్నారు! మిడ్‌టర్మ్‌లో నాకు 58, క్లాస్ యావరేజ్ 49, కర్వ్ (క్లాస్ మార్కులతో పోల్చి గ్రేడ్లు ఇవ్వడం) ఉంటుందని ప్రొఫెసర్ అన్నారు కదా అని ధీమాగా ఉన్నా, ఫైనల్స్‌లో మొత్తం తలకిందులైంది.

నా లెక్క ప్రకారం వచ్చే సెమ్ మూడింట్లో రెండు బి ప్లస్‌లు, ఒక బి వస్తే 3.0 దాటేస్తా, కరెక్టేనా? అల్గారిథమ్స్ మళ్ళీ తీసుకుంటే పాత గ్రేడ్ పోతుందా, లేక రెండూ కలిపి లెక్కేస్తారా? ఒక్కో యూనివర్సిటీది ఒక్కో రూల్ అని సీనియర్ అన్నాడు, మీ దగ్గర ఎలా చేశారు? ప్రొబేషన్‌లో ఉంటే టీఏ (టీచింగ్ అసిస్టెంట్) జాబ్ ఇస్తారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు, నాన్న లోన్ ఈఎంఐ గురించే అడుగుతున్నారు.