పాత పేజ్‌మేకర్‌తోనే నెట్టుకొద్దామా, నెలనెలా కట్టి కొత్త ఇన్‌డిజైన్ తీసుకుందామా?

అల్లిపురం డీటీపీ
అందరికీ నమస్తే. వైజాగ్ అల్లిపురంలో మాది చిన్న షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. తెలుగు మ్యాటరంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో (వాటికి సొంత కోడ్ ఉంటుంది), ఫొటో పని ఫొటోషాప్ సీఎస్6లో. రెండు సిస్టాలూ విండోస్ 7 మీదే ఉన్నాయి. పనైతే ఆగట్లేదు. కానీ మదర్‌బోర్డు పోతే దొరకడం కష్టమని సర్వీసు కుర్రాడు అంటున్నాడు. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్, ఫొటోషాప్ రెండూ కొత్తవి సబ్‌స్క్రిప్షన్‌లో తీసుకుందామని మా తమ్ముడి పట్టు. మార్గశిరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాల పని, వెనకాలే మాఘం పెళ్లిళ్లు. ఆలోపు తేల్చుకోవాలి. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

గాజువాక ఫ్లెక్స్
రాదండీ. ఫైలు సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి) టిఫ్ బొమ్మగా చేసి పంపాక, అది ఏ వెర్షన్‌లో చేశామో ప్రింటింగ్ మెషీన్‌కి అక్కర్లేదు. సీఎస్6 కొన్నవాళ్లకి అది సొంతం. 2013లో వీటిని తయారుచేసే అడోబీ కంపెనీ సబ్‌స్క్రిప్షన్‌కి మారాక, కట్టడం ఆపిన నెల నుంచి పని కూడా ఆగిపోతుంది. ఆషాఢంలో, మూఢంలో బేరాల్లేక కూర్చున్నా కట్టాల్సిందే. ఇంకోటి. ఏడాది ప్లాన్ తీసుకుని నెలనెలా కట్టే పద్ధతిలో, మొదటి 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల సొమ్ములో సగం వసూలు చేస్తారు. ఇది చదవకుండానే చాలామంది బటన్ నొక్కేస్తున్నారు. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించుకోండి.

సీతమ్మధార డిజైనర్
గురూ, మీ పని వేరు, వాళ్ల పని వేరు. ఫ్లెక్స్ మీద ఉండేది నాలుగు ముక్కల తెలుగు. పెళ్లికార్డు నిండా తెలుగే. పైగా ఇప్పుడు మ్యాటర్ కాగితం మీద రాసి తెచ్చేవాళ్లెవరు? అందరూ వాట్సాప్‌లో పంపుతున్నారు. అది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ఉమ్మడి అక్షరాల కోడ్. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు, 2001లో 7 వచ్చాక దాన్ని అక్కడితో వదిలేశారు. అంటే కస్టమర్ ఒకసారి టైప్ చేసిందే మీ ఆపరేటర్ మళ్లీ కొట్టాలి. ఇంటిపేరులోనో గోత్రంలోనో ఒక్క వొత్తు జారిందంటే కార్డులన్నీ మళ్లీ వేసివ్వాల్సింది మీరే. యూనికోడ్‌ని అను కోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక సంయుక్తాక్షరాల దగ్గర ఒక్కొక్కటీ చూసుకోక తప్పదు. సబ్‌స్క్రిప్షన్ ఖర్చు పక్కన ఈ రెట్టింపు టైపింగ్ ఖర్చు పెట్టి చూడండి.

కొత్త ఇన్‌డిజైన్‌లో వాట్సాప్ మ్యాటర్ నేరుగా పేస్ట్ చేయొచ్చు. కాకపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ (వొత్తులు సరిగ్గా పేర్చే సెట్టింగు) ఎంచుకోవాలి. లేకపోతే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అని విడిపోయి పడుతుంది. ఫొటోషాప్‌లో కొన్నేళ్ల కిందటి వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టి, కొత్త ఫైల్ తెరవాల్సి వచ్చేది. ఇలాంటి సెట్టింగులు తెలియకే ‘కొత్తదాంట్లో తెలుగు రాదు’ అని మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు బాధనిపించేది అదే.

పూర్ణా మార్కెట్ ఆపరేటర్
అమ్మా, మీరు చెప్పింది నిజమే. కానీ పాత ఫైళ్ల సంగతేంటి? మేం సంఘాల ఆహ్వానాలు, బిల్లు పుస్తకాలు ఏటా తేదీ, నంబరు మార్చి వేస్తాం. పేజ్‌మేకర్ ఫైల్ ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరుచుకుంటుంది. కొత్త ఇన్‌డిజైన్‌లో తెరుచుకోదు. సీఎస్6లో తెరిచినా లోపలి మ్యాటర్ అను కోడ్‌లోనే ఉంటుంది, యూనికోడ్ అయిపోదు. అనులోని యాపిల్ కీబోర్డు అమరికకి అలవాటుపడిన చెయ్యి యూనికోడ్‌లో వాడే ఇన్‌స్క్రిప్ట్ అమరికకి మారడానికీ టైం పడుతుంది. సీజన్ మధ్యలో ఆ టెన్షన్ పెట్టుకోకండి. ఇక అక్షరాల అందం. పెళ్లికార్డు హెడ్డింగులకి అనులో ఉన్నన్ని రకాలు యూనికోడ్‌లో నాకు కనబడలేదు.

సీతమ్మధార డిజైనర్
పాత సిస్టం తీసేయమని నేను అనను బాబాయ్, పాత ఫైళ్లకి అది ఉండాల్సిందే. విండోస్ 7కి 2020 జనవరితో అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దానికి నెట్ మాత్రం తీసేయాలి. ఫాంట్ల విషయం ఒకసారి మళ్లీ చూడండి. రామభద్ర, సురన్న, ధూర్జటి, మండలి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. ‘శుభలేఖ’ అన్న ఒక్క మాట అను అక్షరాల్లోనే కావాలంటే కోరెల్‌డ్రాలో కర్వ్స్‌గా (అంటే అక్షరాన్ని బొమ్మగా) మార్చి తెచ్చుకోవచ్చు.

మద్దిలపాలెం స్టూడెంట్
డబ్బు కట్టేముందు ఇన్‌డిజైన్‌లాంటిదే స్క్రైబస్ ఉంది, చూడండి అన్నా. పూర్తిగా ఉచితం. 2024 జనవరిలో వచ్చిన 1.6లో తెలుగు వొత్తులు సరిగ్గా పడుతున్నాయి, సీఎంవైకే పీడీఎఫ్ కూడా ఇస్తుంది.

గాజువాక ఫ్లెక్స్
పీడీఎఫ్‌తో సరిపెట్టుకునే ప్రెస్ అయితే సరే. చాలాచోట్ల చివరి నిమిషంలో మార్పులుంటాయని ఓపెన్ ఫైలే (మార్చడానికి వీలున్న అసలు ఫైలు) అడుగుతారు. ఇన్‌డిజైన్‌కీ ఇదే తంటా. కొత్త వెర్షన్ ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, పాత వెర్షన్లూ చదివే ఐడీఎంఎల్ రకం ఫైలుగా సేవ్ చేసి ఇవ్వాలి. మీరు పంపే ప్రెస్‌లో ఏముందో ముందు కనుక్కోండి.

అల్లిపురం డీటీపీ
అందరికీ థాంక్స్. వాట్సాప్ మ్యాటర్ మళ్లీ కొట్టే పని మా దగ్గర రోజూ ఉంది, ప్రూఫులో గొడవలన్నీ అక్కడే. కాబట్టి ఒక కొత్త సిస్టం కొని, దాని మీద ఇన్‌డిజైన్ ఒక్కటే తీసుకుంటాం. ఫొటోషాప్ సీఎస్6 చాలు. పాత సిస్టాలు రెండూ నెట్ లేకుండా ఉంటాయి. ముందు స్క్రైబస్‌లో ఒక కార్డు చేసి మా ప్రెస్‌కి పంపిస్తా. వాళ్లు ఆ పీడీఎఫ్ తీసుకుంటే ఇన్‌డిజైన్ కూడా ఆపేస్తా. లేకపోతే రేటు ఎక్కువైనా ఎప్పుడంటే అప్పుడు మానేయగల నెలవారీ ప్లాన్‌తో మొదలుపెడతాం.

గాజువాక ఫ్లెక్స్
ఒక్క సిస్టానికే, అదీ నెలవారీ అంటే నాకు అభ్యంతరం లేదండీ. కానీ ఆషాఢం నెల రాబడి చూసుకున్నాకే ఏడాది ప్లాన్‌కి మారండి.