'యాదృశం పుస్తకం దృష్ట్వా' శ్లోకం, సాఫ్ట్‌వేర్ మిర్రర్లు: 'అప్‌స్ట్రీమ్‌తో సింక్‌లో ఉంది' అనడానికి మాట కావాలి

మిత్రులకు నమస్కారం. తాళపత్ర ప్రతుల చివర లేఖకులు రాసుకునే ఈ శ్లోకం మీలో చాలామంది చూసే ఉంటారు.

యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా
అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే

'ఎలాంటి పుస్తకం చూశానో అలాగే రాశాను, తప్పున్నా ఒప్పున్నా నా దోషం లేదు' అని. (ఇక్కడి 'అబద్ధం' మన తెలుగు అబద్ధం కాదు, పొందిక కుదరని పాఠం. 'అబద్ధమో నిజమో నాకు తెలీదు' అని అర్థం చెప్పేవాళ్లు తగులుతూనే ఉంటారు.)

ఇప్పుడిది ఎందుకంటే, విశాఖలో కొందరం కలిసి ఇంజినీరింగ్ పిల్లల కోసం లినక్స్ మిర్రర్ల మీద తెలుగులో చిన్న గైడు రాస్తున్నాం. డెబియన్, ఆర్చ్ లాంటి లినక్స్ రకాల ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) ప్రపంచమంతా ఒకే సర్వర్ నుంచి దించుకోవడం కుదరదు కాబట్టి, వాటి నకళ్లు దేశదేశాల సర్వర్లలో పెడతారు. అవే మిర్రర్లు. ఒక మిర్రర్ అప్‌స్ట్రీమ్‌తో సింక్‌లో ఉందో లేదో, అంటే తాను నకలు తెచ్చుకునే సర్వర్‌తో సరిపోతోందో లేదో, ఎలా చూసుకోవాలన్నదే గైడులో అసలు సంగతి. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాం. 'మూలనిక్షేపముతో సమకాలీకరింపబడియున్నది' అని ఒకరు రాసుకొచ్చారు. గిడుగు వారి ఊళ్లకి ఇంత దగ్గర్లో కూచుని అలా రాస్తే బాగోదని పక్కన పెట్టాం. మిర్రర్ పనీ లేఖకుడి పనే కదా, పాత ప్రతుల పరిభాషలో ఏమైనా దొరుకుతుందేమో చెప్పండి.

సీతమ్మధార నుంచి:
మిర్రర్‌ని మిర్రర్ అనే ఉంచండి మాస్టారూ, 'దర్పణం' అంటే పిల్లలు పారిపోతారు. అప్‌స్ట్రీమ్‌కి 'ఎగువ' ఉండగా వెతుకులాట దేనికి? వంశధారకి వరదొస్తే పేపర్లో 'ఎగువన కురిసిన వర్షాలకు' అనే కదా రాస్తారు. శ్లోకం బాగుంది గానీ దీనికీ దానికీ లంకె కాస్త లాగినట్టుంది.

గాజువాక నుంచి:
నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను, అందుకని కొంచెం సాగదీస్తాను, ఏమీ అనుకోకండి. 'ఎగువ' మంచి మాటే. కానీ ఎగువ వేరు, మూలం వేరు. ఆర్చ్ లినక్స్‌లో మిర్రర్లకి అంచెలున్నాయి: మూలం టైర్ 0, దాన్నుంచి టైర్ 1 వాళ్లు తెచ్చుకుంటారు, వాళ్ల దగ్గర్నుంచి టైర్ 2 వాళ్లు. టైర్ 2 మిర్రర్ తన ఎగువతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవచ్చు. ఆ ఎగువే రెండ్రోజుల నుంచి ఆగిపోయి ఉంటే? ఇద్దరూ కలిసి మూలానికి వెనకబడ్డట్టే. శ్లోకంలో లేఖకుడు చెప్పిందీ అదే: 'నేను చూసిన పుస్తకం' అన్నాడు గానీ, కవి రాసిన పుస్తకం అనలేదు. కాబట్టి సీతమ్మధార గారూ, లంకె లాగింది కాదు.

పిల్లలు తరచూ బోల్తా పడే చోట్లు కొన్ని చెప్తాను, గైడులో పెట్టండి. ఫైళ్ల తేదీలు చూసి మిర్రర్ పాతదని తేల్చేస్తారు. ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో నకలు చేసేటప్పుడు మామూలుగా ఫైలు తేదీని మూలంలో ఉన్నట్టే ఉంచుతారు, కాబట్టి ఆ తేదీ నకలు చేసిన రోజు కాదు. పైగా మూలంలోనే మార్పు లేకపోతే కొత్త తేదీ ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే ఆర్చ్ వాళ్లు రెండు చిన్న ఫైళ్లు పెట్టారు. 'లాస్ట్ అప్‌డేట్'లో మూలం చివరిసారి మారిన సమయం ఉంటుంది. 'లాస్ట్ సింక్' మాత్రం మూలంలో ఏ మార్పూ లేకపోయినా తరచూ మారుతూ ఉంటుంది. మిర్రర్ దగ్గరున్న ఆ రెండోది పాతదైతే, మిర్రర్ మూలం వైపు చూసి చాలాసేపైందని అర్థం.

డెబియన్‌లో అయితే 'ప్రాజెక్ట్' కింద 'ట్రేస్' అనే డైరెక్టరీ. ప్రతి మిర్రర్ తన పేరుతో అక్కడ ఒక ఫైలు రాసి, ఎప్పుడు తెచ్చుకుందో పెడుతుంది. ఆ సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన గడియారంతో పోల్చి 'అయిదున్నర గంటలు వెనకుంది సార్' అని టెన్షన్ పడేవాళ్లు ఎందరో! అది మిర్రర్ తప్పు కాదు, మన టైమ్‌జోన్.

ఎంవీపీ కాలనీ నుంచి:
తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, ఈ మిర్రర్ల గొడవ ఇవాళే వింటున్నాను. గాజువాక తమ్ముడు చెప్పిన తేడాకి మాట ఉంది. లేఖకుడు ఎదురుగా పెట్టుకుని రాసుకునే ప్రతిని పరిష్కర్తలు 'మాతృక' అంటారు. కవి రాసింది మూలం, ఎదురుగా ఉన్నది మాతృక. అయితే పిల్లలకి 'ఎగువ ప్రతి' అంటేనే తేలిగ్గా తెలుస్తుంది, నాకేం పట్టింపు లేదు.

ఆ ట్రేస్ ఫైలు మాత్రం అచ్చం మన ప్రతుల చివరి రాతే. ఫలానా సంవత్సరం, మాసం, తిథి, వారం, ఫలానావాడు రాశాడు అని ఉంటుంది. తంటా ఏమిటంటే సంవత్సరాల పేర్లు అరవయ్యే. 'శుభకృతు' అని రాసి శకం వెయ్యకపోతే అది 1902 కావచ్చు, 1962 కావచ్చు.

గాజువాక నుంచి:
ఇక్కడ ఆ బెంగ లేదు మేడమ్. ఆర్చ్ వాళ్లది 1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్క. డెబియన్ ట్రేస్‌లో 'ఆర్కైవ్ సీరియల్' అని ఒక నంబరు కూడా ఉంటుంది: తేదీ, దాని వెనక ఆ రోజు ఎన్నో విడతో. మూలం మామూలుగా రోజుకి నాలుగు విడతలు మారుతుంది. మూలం సీరియల్, మిర్రర్ సీరియల్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, గడియారంతో పనే లేదు.

సీతమ్మధార నుంచి:
అయితే మాట దొరికేసింది కదా! 'మిర్రర్ రెండు విడతలు వెనకబడింది', 'మూలాన్ని అందుకుంది'. సింక్‌కి 'అందుకోవడం' కన్నా ఏం కావాలి? ఒప్పేసుకుంటున్నాను, లంకె ఉంది.

మధురవాడ నుంచి:
చిన్న సందేహం. ప్యాకేజీల జాబితాకి డిజిటల్ సంతకం ఉంటుంది కదా. సంతకం సరిపోతే మిర్రర్ తాజాగా ఉన్నట్టు కాదా?

గాజువాక నుంచి:
కాదు. సంతకం చెప్పేది పాఠం మూలం వాళ్లదేనని, ఎవరూ వేలు పెట్టలేదని. నెల క్రితం జాబితాకి నెల క్రితం చేసిన సంతకం ఇవాళా సరిపోతుంది. 'సుబద్ధమే', కానీ పాతది. అందుకే డెబియన్‌లో సెక్యూరిటీ, టెస్టింగ్ లాంటి విభాగాల రిలీజ్ ఫైల్లో (సంతకం ఉండేది దీనికే) 'వ్యాలిడ్ అంటిల్' అని గడువు వేస్తారు, అది దాటితే ప్యాకేజీలు దించే ఆప్ట్ ప్రోగ్రామ్ ఒప్పుకోదు. స్టేబుల్ (స్థిరమైన విడుదల) ప్రధాన భాగానికి ఆ గడువు లేదు, అక్కడ మిర్రర్ పాతబడ్డా కిక్కురుమనదు.

ఇంకొకటి, నకలు మధ్యలో ఉన్న మిర్రర్. ముందు ప్యాకేజీలు తెచ్చుకుని, ఆ తర్వాతే జాబితాలు మార్చాలి, పాతవి చివర్లో తీసెయ్యాలి. తారుమారైతే జాబితాలో పేరుంటుంది, ఫైలుండదు. జాబితాలే కొన్ని కొత్తవీ కొన్ని పాతవీ అయితే 'హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్', అంటే సరిచూసే లెక్క కుదరలేదని ఎర్రర్ వస్తుంది. ఈ స్థితికి మాట కావాలి. 'వెనకబడింది' సరిపోదు.

ఎంవీపీ కాలనీ నుంచి:
రెండు ప్రతులు కలిపి రాసిన దాన్ని 'మిశ్రపాఠం' అనొచ్చు. అది మరీ పండితుల మాట అనిపిస్తే 'కలగాపులగం' ఉండనే ఉంది.

మధురవాడ నుంచి:
కలగాపులగానికే నా ఓటు.

మొదట అడిగినవాణ్ణి:
మూలం, ఎగువ ప్రతి, విడత, అందుకుంది, వెనకబడింది. ఇవి రాసేసుకున్నాను. 'కలగాపులగం' కూడా పెడుతున్నాం, ఎవరైనా కోప్పడితే మేడమ్ పేరు చెప్తాం. శ్లోకం గైడు మొదట్లో పెట్టాలనుకున్నాను గానీ, రెండో పంక్తి దగ్గర గాజువాక తమ్ముణ్ణి అడగాలి: రాత్రి దానంతటదే నడవాల్సిన నకలు పని (క్రాన్ జాబ్) ఆగిపోయి మిర్రర్ వెనకబడితే, 'మమ దోషో న విద్యతే' అనడం చెల్లుతుందా?

గాజువాక నుంచి:
చెల్లదు మాస్టారూ. మొదటి పంక్తి ఒక్కటీ వేసుకోండి.