పాత రాలీ ఫ్రేము, తలో సైజు చక్రం: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లకుంట_నాని:
ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రోడ్‌స్టర్ ఫ్రేము ఒకటి దొరికింది. ముందు బ్యాడ్జి మీద కొంగ తల ఉంది, చైన్ చక్రంలో కూడా మూడు కొంగలు ఉన్నాయి కాబట్టి రాలీయే (పాత ఇంగ్లీషు కంపెనీ) అనుకుంటున్నా. ఫ్రేముకు బెండు లేదు. మిగతాదంతా అతుకుల బొంత. ముందు చక్రం 28 × 1½, వెనకది 26 × 1⅜. ఎడమ క్రాంకు (పెడల్ బిగించే చేయి) వేరే సైకిల్‌ది. కాటర్ పిన్నులు (క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే మేకులు) రెండూ తుప్పుతో బిగుసుకుపోయాయి, క్రాంకు పట్టుకుని ఊపితే ఇరుసు లొడలొడలాడుతోంది. రాడ్ బ్రేకు (తీగ బదులు ఇనుప కడ్డీలతో లాగేది) ముందుదే ఉంది, వెనకది లేదు.
ముందు ఫ్రేము బాలానగర్‌లో పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేసి తర్వాత సామాను కొందామని ప్లాను. వెనక 26 చక్రం అలాగే ఉంచేయొచ్చా? బీబీ (బాటమ్ బ్రాకెట్, క్రాంకుల ఇరుసు తిరిగే గొట్టం) కప్పులు, ఇరుసు కోఠి ఇసామియా బజార్‌లో దొరికే మామూలు సెట్టు పడుతుందా? వారానికి రెండు రోజులు పంజాగుట్ట దాకా తొక్కాలి, షోకేసు కోసం కాదు.

కాటర్‌పిన్ను:
నాని గారూ, రంగు ఆఖరి పని. ముందు సామానంతా ఫ్రేముకి ఎక్కి, చక్రాలు తిరిగి, బ్రేకు పట్టాక మళ్లీ అంతా విప్పి రంగుకి ఇవ్వండి. చిమ్టా (చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫ్రేము కాళ్లు) కాస్త తెరవాల్సి వచ్చినా, బ్రేకు క్లిప్పు కిందికి జరపాల్సి వచ్చినా కొత్త కోటింగ్ పెచ్చులూడుతుంది. ఇచ్చేటప్పుడు బీబీ మరలు, హెడ్ (హ్యాండిల్ తిరిగే గొట్టం) కప్పులు కూర్చునే చోట్లు, సీటు గొట్టం లోపల టేపు వేయించండి. పౌడర్ మందం మరలోకి వెళ్తే కప్పు ఎక్కదు.
ఇక కాటర్లు. నట్టును పూర్తిగా తీయొద్దు, పిన్ను కొనకు సమానంగా వచ్చేదాకా వదులు చేసి ఆపండి. లేకపోతే సుత్తి దెబ్బకి మర పువ్వులా విచ్చుకుంటుంది. తుప్పు వదిలించే నూనె రెండు వైపులా పోసి ఒక రాత్రి వదిలేయండి. కొట్టేటప్పుడు క్రాంకు కింద మందపాటి ఇనుప గొట్టం నేల మీద నిలబెట్టి ఆనించాలి, పిన్ను తల గొట్టం బోలులోకి దిగాలి. ఆనింపు లేకుండా కొడితే ఆ దెబ్బ అంతా బాల్స్ మీదుగా కప్పులకు వెళ్లి గుంటలు పడతాయి. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కాదు, రెండు పౌన్ల సుత్తితో ఒక్క గట్టి దెబ్బ. కదలకపోతే పిన్ను మధ్యలో 6 మి.మీ. డ్రిల్లు వేసి మళ్లీ కొట్టండి.
కప్పుల సంగతి: రాలీ వాళ్లు ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌లో చేసిన ఫ్రేముల్లో బీబీకి, హెడ్‌కి అంగుళానికి 26 మరలు. మన దేశీ సైకిళ్లకు, మిగతా ఇంగ్లీషు సైకిళ్లకు 24. రెండూ చూడ్డానికి ఒకటే. 24 కప్పు 26 ఫ్రేములో రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి, తర్వాత బిగుస్తుంది. అక్కడ బలం పెడితే ఫ్రేము మర పోయినట్టే. కప్పు తీశాక స్కేలు ఆనించి అర అంగుళంలో మరలు లెక్కపెట్టండి, 12 వస్తే 24, 13 వస్తే 26. లెక్క తెలిసేదాకా బజారుకు వెళ్లొద్దు.
కుడి కప్పు మర ఎడమ వాటం. గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పితేనే ఊడుతుంది. చాలా ఫ్రేములు ఇక్కడే పాడవుతాయి, ఊడట్లేదని తెలియకుండా ఇంకా బిగిస్తారు. పానా జారుతుంటే ఎడమ కప్పు తీసేసి, లోపలి నుంచి 16 మి.మీ. బోల్టు కుడి కప్పు రంధ్రంలోంచి బయటికి దూర్చి, మందపాటి వాషర్లు వేసి, బయట నట్టు బిగించండి. బోల్టు తలను లోపల పట్టుకుని నట్టు బిగిస్తూ పోతే కప్పు కూడా అదే దిక్కున ఊడి వస్తుంది.

గోల్కొండ_పెడల్:
అన్నా, వెనక 26 చక్రం ఉంచకు. టైరు మీద అంకె చూడు: 28 × 1½ అంటే 40-635 (టైరు మందం, రిమ్ము వ్యాసం మి.మీ.లల), నీ వెనకది 37-590. రిమ్ము వ్యాసంలనే 45 మి.మీ. తేడా, టైరు మందం కలిపితే వెనక ఇరుసు 25 మి.మీ. కిందికి దిగుతది. హెడ్ ఒక డిగ్రీ పైచిలుకు వెనక్కి వాలుతది, బీబీ ఒకటిన్నర సెంటీమీటరు దిగుతది. మలుపుల పెడల్ నేలకు రాసుకుంటది.
రాడ్ బ్రేకు సంగతి అంతకన్నా కష్టం. దాని రబ్బరు రిమ్ము పక్కన పట్టది, లోపలి వైపు, హబ్బు (చక్రం నడిమి భాగం) దిక్కున్న ముఖం మీద పట్టుతది. చిన్న రిమ్ముకు ఆ ముఖం 22 మి.మీ. లోపలికి జరుగుతది. రాడ్ల పొడుగు సర్దొచ్చు గానీ, రిమ్ము ఆకారం కూడ కుదరాలె. 26ల ఎక్కువ రిమ్ములకు పక్కలు చదునుగ ఉంటయి, అవి క్యాలిపర్ బ్రేకువి (రిమ్మును రెండు పక్కల నుంచి పట్టేది). రాడ్ బ్రేకుకు అంచులు గుండ్రంగ ఉన్న వెస్ట్‌వుడ్ రిమ్మే కావాలె. క్యాలిపర్ పెడదామంటే నీ ఫ్రేముకు బ్రేకు బోల్టు రంధ్రం ఉండది, ఉన్నా చేయి అందది.
ఇంకోటి. 26 × 1⅜, 26 × 1½, 26 × 1.75 మూడు వేరే వేరే రిమ్ములు (590, 584, 559). దుకాణంల "26 అంటే 26ఏ" అంటే నమ్మకు. 28 × 1½ టైర్లు, రిమ్ములు ఇయ్యాలకు గూడ కొత్తవి దొరుకుతయి, పాల సైకిళ్లు ఇంకా నడుస్తున్నయి గద.

బెండుతీత:
వెనక చక్రం ఎలాగూ కొత్తగా కట్టించాలి కాబట్టి కొన్ని కొలతలు. పాత పద్ధతిలో ముందు 32 పుల్లలు, వెనక 40. వెనక హబ్బు 40 రంధ్రాలదైతే రిమ్ము కూడా 40ది కొనండి, 36ది ఎవరు అంటగట్టినా వద్దు. ముందు ఇరుసు 5/16 అంగుళం, వెనకది ⅜, రెండిటికీ అంగుళానికి 26 మరలు. ముందు ఇరుసు మీద 8 మి.మీ. నట్టు ఎక్కిస్తే మర కొరుక్కుపోతుంది.
హబ్బు వెడల్పు చూసుకోండి. పాత ఫ్రేము వెనక చిమ్టా మధ్య ఖాళీ 110 నుంచి 114 మి.మీ. ఉంటుంది. ఒక్కో వైపు రెండు మూడు మి.మీ. దాకా ఈ ఉక్కు తెరుచుకుంటుంది, కానీ రెండు వైపులా సమానంగా తెరవాలి. హెడ్ గొట్టం నుంచి రెండు చిమ్టా కొనలకూ దారం కట్టి, సీటు గొట్టం దగ్గర దూరం కొలిస్తే తేడా తెలిసిపోతుంది.
గేరు: 44 పళ్ల చైన్ చక్రానికి 18 పళ్ల ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రం) పెడితే 28 చక్రంతో 68 అంగుళాల గేరు (44ను 18తో భాగించి 28తో గుణించిన లెక్క, ఎంత ఎక్కువైతే తొక్కడం అంత బరువు). ట్యాంక్ బండ్ మీద బాగుంటుంది, ఖైరతాబాద్ ఫ్లైఓవర్ మీద మోకాళ్లు చెప్తాయి. 20 పళ్లకు 62, 22 పళ్లకు 56. 20 చాలు అంటాను. మీ కొంగల చక్రానికి 46 పళ్లుంటే 22 దగ్గరగా ఆలోచించండి. చైను ½ × ⅛. పాత చైను వాడేట్లయితే ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు కొలవండి, 12 అంగుళాలు ఉండాలి. 12⅛ వస్తే పారేయండి, కొత్త ఫ్రీవీలును నమిలేస్తుంది.

నల్లకుంట_నాని:
కాటర్లు వచ్చేశాయి, ఎడమది డ్రిల్లుకే లొంగింది. అర అంగుళంలో 13 మరలు. అంటే 26. కప్పులు తుడిస్తే అద్దంలా ఉన్నాయి, ఇరుసు మీద మాత్రం బాల్స్ తిరిగే దారిలో ఒకవైపు మచ్చలున్నాయి.

కాటర్‌పిన్ను:
కప్పులు అవే ఉంచండి, వాటిని పారేస్తే మళ్లీ దొరకవు. దుకాణంలో "మర కొట్టి 24 చేసేస్తాం" అంటారు. చేసేవాళ్లున్నారు, కానీ మంచి కప్పులు చేతిలో ఉండగా ఫ్రేము మర ఎందుకు కోయడం?
ఇరుసు మచ్చ మీద వేలిగోరు అడ్డంగా గీయండి. గోరు జారిపోతే రంగు మరకే, తగిలి ఆగితే గుంట. గుంట ఉన్న ఇరుసుకి ఎంత గ్రీజు పెట్టినా పది రోజుల్లో మళ్లీ గరగర. కొత్తది కొనేటప్పుడు పాతది జేబులో పెట్టుకెళ్లి పక్కపక్కన పెట్టండి. మొత్తం పొడుగు కాదు చూడాల్సింది, రెండు బాల్ దారుల మధ్య దూరం. రాలీ బీబీ గొట్టం 71 లేదా 76 మి.మీ. కూడా ఉంటుంది, మామూలు 68కి చేసిన ఇరుసు అందులో పొట్టి అవుతుంది. బాల్స్ ¼ అంగుళంవి, ఒక్కో వైపు 11. పంజరంలో అమర్చినవి కాకుండా విడివి తీసుకోండి, రాణీగంజ్ బేరింగ్ దుకాణాల్లో తూకానికో లెక్కకో ఇస్తారు. వెనక హబ్బుకీ ¼వే, 9 చొప్పున. ముందు హబ్బుకి 3/16, 10 చొప్పున.
కొత్త కాటర్ కొనే ముందు క్రాంకు రంధ్రం వెర్నియర్‌తో కొలవండి. రాలీది 9.5 మి.మీ. మీ ఎడమ క్రాంకు వేరే సైకిల్‌ది కాబట్టి దాని రంధ్రం వేరే సైజు కావచ్చు, పొడుగు కూడా. ఒకటి 6½, ఇంకోటి 7 అంగుళాలైతే తొక్కుతుంటే తుంటి నొప్పి గ్యారంటీ. కాటర్ చదును ముఖాన్ని రెండిటికీ ఒకేలా ఆకురాయితో రుద్ది, ఒకటి పైనుంచి, ఇంకోటి కిందనుంచి దూర్చాలి. రెండూ ఒకే వైపు నుంచి పెడితే క్రాంకులు సరళరేఖలో రావు. సుత్తితో దిగ్గొట్టాకే నట్టు. నట్టుతో లాగబోతే మర తెగుతుంది. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒక దెబ్బ, ఒక బిగింపు. అది మర్చిపోతే పిన్ను చదును మీద మెట్టు పడుతుంది, ఇక ఎన్నిసార్లు బిగించినా వదులే.

గోల్కొండ_పెడల్:
వెనక బ్రేకుకు దేశీ రాడ్ సెట్టు తీసుకో, క్లిప్పులు నీ గొట్టం మందానికి సరిపోతయా లేదా అక్కడనే పెట్టి చూడు. తుప్పుకు నిమ్మ ఉప్పు: లీటరు నీళ్లకు 50 గ్రాములు, నాలుగైదు గంటలు, తర్వాత వంట సోడా నీళ్లల్ల కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయి. రాత్రంతా వదిలిపెట్టకు. సీటు స్ప్రింగులు, బాల్స్, ఇరుసు అందుల వెయ్యకు, గట్టి ఉక్కు పెళుసైతది. క్రోము పెచ్చులూడుతున్న హ్యాండిల్‌ను గూడ ముంచకు, అల్యూమినియం ఫాయిల్ తడిపి రుద్దితే చాలు.
బ్రేకు కట్టేముందు చక్రం బెండు పక్కలకే గాదు, పైకి కిందికి గూడ తీయాలె, ఈ బ్రేకుకు అదే ముఖ్యం. రబ్బరుకు, రిమ్ముకు నడుమ 2, 3 మి.మీ. సందు ఉంచు. రబ్బరు గూడుకు ఒక పక్క మూత ఉంటది, చక్రం తిరిగేటప్పుడు రబ్బరును ఎటు గుంజుతదో ఆ పక్కకే మూత ఉండాలె. తిరగేసి పెడితే మొదటి గట్టి బ్రేకుకే రబ్బరు జారి రోడ్డు మీద పడుతది.